నాలుగు కిలోల కోసం

మా నాన్నకు నా పుట్టినరోజు ఎప్పుడూ గుర్తుండదు. పుట్టినప్పటి బరువు మాత్రం గ్రాములతో సహా చెబుతాడు: మూడు కిలోల నూట నలభై. ఆయనది కాటాలు బాగుచేసే షాపు. బంగారం తూచే చిట్టి కాటా దగ్గర్నుంచి బస్తాలు తూచే ఇనప కాటా దాకా ఆ చుట్టుపక్కల ఏది తప్పు చూపించినా మా గుమ్మానికే వస్తుంది. ముందు షాపు, వెనక ఇల్లు, మధ్యలో ఒక కర్టెన్. ఆ కర్టెన్ పక్క గోడ మీద మా ఇంటిల్లిపాది బరువులూ ఉంటాయి. ప్రతి ఆదివారం పొద్దున, మొహం కడుక్కున్నాక, ఏమీ తినకముందే, ఒక్కొక్కరం పెద్ద కాటా ఎక్కాలి. నాన్న ముల్లు చూసి పెన్సిల్‌తో గోడ మీద వేస్తాడు. ఇంటికి రంగులు వేయించేటప్పుడు కూడా ఆ మేర వదిలేయిస్తాడు. వేరే ఇళ్ళలో పిల్లల ఎత్తుకు గీతలు గీస్తారట. మా ఇంట్లో ఎత్తు ఎవరికీ పట్టలేదు.

అమ్మ అంకెలు నాకు పదహారేళ్ళప్పుడు ముప్పై తొమ్మిది దగ్గర ఆగిపోయాయి. నావి ఆగలేదు. ఆ ఏడే నూరు దాటాను. షాపుకొచ్చేవాళ్ళు నాకు ‘క్వింటా’ అని పేరు పెట్టారు. నాన్న వాళ్ళను ఏమీ అనలేదు. అబద్ధమైతే కోప్పడేవాడే; తూకం సరిగ్గా ఉన్నప్పుడు ఆయనకు అభ్యంతరం ఏముంటుంది?

ఇరవై తొమ్మిదేళ్ళకు నూట ముప్పై నాలుగు. ముప్పై రెండేళ్ళకు అరవై ఎనిమిది. మధ్యలో ఏం చేశానో చెప్పను. చెప్పీ చెప్పీ నోరు అరిగిపోయింది. నాన్న నా తరఫున అందరికీ చెప్పేశాడు కూడా. ఎవరైనా కొత్తవాళ్ళు షాపులో అడుగుపెడితే చాలు, “అమ్మడూ, ఒకసారి ఇలా ఎక్కు” అని పిలిచి, ముల్లు నిలబడ్డాక గోడ మీది పాత అంకె చూపించేవాడు. “అరవై ఆరు కిలోలు. ఒక్క గ్రాము అబద్ధం లేదు” అనేవాడు. మొదట్లో నాకూ గర్వంగానే ఉండేది. పోను పోను, వచ్చినవాళ్ళెవరూ నన్ను చూడడం లేదని, అందరూ ముల్లునే చూస్తున్నారని అర్థమైంది.

ముల్లుకు అందనిది ఒకటుంది. ఒళ్ళు తగ్గింది గానీ తోలు తగ్గలేదు. పొట్ట దగ్గర అది మడతలు పడి తొడల మీదికి వేలాడేది. పొద్దున లేవగానే రెండు చేతులతో ఎత్తి, నడుం పట్టీలోకి కుక్కి, పైన వదులు చొక్కా వేసుకుని, నాన్నతో పాటు షాపు పనిలోకి దిగేదాన్ని. ఎండాకాలం మడత కింద చెమట చేరి ఒరుసుకుపోయేది. పౌడర్ వేస్తే ముద్దకట్టేది, వెయ్యకపోతే రసి కారేది. వాసన వస్తోందేమోనని కస్టమర్లకు రెండడుగుల దూరంలో నిలబడేదాన్ని. లావుగా ఉన్నప్పుడు నవ్వినవాళ్ళకు నేను ఎదురు జవాబు చెప్పగలిగాను. ఈ తోలు సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు, ఎందుకంటే దాన్ని ఎవరికీ కనబడనిచ్చేదాన్ని కాదు. దాచుకోవడం నాకు మహా కంపరంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం బస్తాల కాటా కింద పక్కకు పడుకుని మీట సరిచేస్తున్నాను. పైన పలక దిగింది. పట్టీలోంచి జారిన తోలు మీటకూ చట్రానికీ మధ్య పడి నలిగింది. అరవలేదు. పళ్ళు బిగబట్టి బయటికొచ్చి, నెత్తురు తుడుచుకుని, గుడ్డ కట్టుకుని, ఆ కాటా ముల్లు సున్నాకు తెచ్చి సొంతదారుకు అప్పగించాను. ఆ తర్వాత వెళ్ళి ఆసుపత్రిలో పేరు రాయించుకున్నాను.

డాక్టరమ్మ పొట్టిగా, ఎప్పుడూ తొందరలో ఉండే మనిషి. పొట్ట చూసింది, పుండు చూసింది, జాలి పడలేదు. ఆ ఒక్కదానికే ఆమె నాకు నచ్చింది. ముందు పుండు మానాలంది. ఆరు నెలలుగా బరువు నిలకడగా ఉందా, రుజువేమిటి అని అడిగింది. ఫోన్‌లో మా గోడ ఫొటో చూపించాను. ఏడాదిన్నర ఆదివారాలు, అన్నీ అరవై ఏడుకూ అరవై తొమ్మిదికీ మధ్యనే. ఇంత పద్ధతైన రుజువు తన సర్వీసులో ఎవరూ తేలేదంది. తర్వాత తాను ఏం చేస్తుందో ఏదీ దాచకుండా చెప్పింది. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కోత, బొడ్డుకు కొత్త చోటు. లోపల చేరే నెత్తురూ నీరూ బయటికి రావడానికి రెండు గొట్టాలు. రెండు వారాలు నడుము వంచి నడక, ఆరు వారాలు ఐదు కిలోలకు మించి ఎత్తకూడదు. వాపు నెలల తరబడి ఉంటుంది. మచ్చ ఏడాది పాటు ఎర్రగా ఉండి తర్వాత పాలిపోతుంది గానీ చెరిగిపోదు. కొంత మేర స్పర్శ తిరిగి రాకపోవచ్చు. కుట్లు విడచ్చు, చీము పట్టచ్చు, కాళ్ళలో రక్తం గడ్డకట్టచ్చు.

“మచ్చ లేని పొట్ట కావాలని వచ్చుంటే ఇప్పుడే వెళ్ళిపోండి” అంది. “మడత పోతుంది, గీత వస్తుంది. మీకు ఏది కావాలో ఆలోచించుకోండి.”

గీతే కావాలన్నాను. అక్కడితో ఊరుకోవచ్చు కదా. ఎంతైనా కాటాల ఇంటి పిల్లను. ఎన్ని కిలోలు వస్తుందని అడిగాను. నాలుగుండచ్చంది.

ఆ అంకె ఇంట్లో చెప్పడమే నేను చేసిన బుద్ధితక్కువ పని. భోజనం చేస్తున్న నాన్న చెయ్యి ఆగిపోయింది. అరవై ఆరు కిలోలు కత్తి ముట్టకుండా తగ్గిన మనిషి, నాలుగు కిలోల కోసం కడుపు కోయించుకోవడమేమిటని అడిగాడు. రాత్రి తిండి సగం చేస్తే రెండు నెలల్లో పోయే బరువని అక్కడికక్కడే లెక్క కట్టాడు. ఇది బరువు సంగతి కాదు, తోలు సంగతి అన్నాను. తోలుకు బరువుండదా అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అదే నా ఖర్మ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో వాదించచ్చు. మా నాన్న ఆ కుందేలును తూచి మరీ చెబుతాడు.

పెద్దత్త నాన్నకు అక్క. అమ్మ పోయిన దగ్గర్నుంచి మాతోనే ఉంటోంది. ఆమె తన వంతు అందుకుంది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకంది. బట్టల కింద ఉన్నది ఎవరు చూడొచ్చారంది. హాయిగా ఉన్న ప్రాణాన్ని తీసుకెళ్ళి కత్తి కింద పెట్టడం కొరివితో తల గోక్కోవడమేనంది.

“కందకు లేని దురద కత్తిపీటకెందుకత్తా?” అన్నాను.

“కత్తిపీట నేను కాదే, ఆ డాక్టరు” అంది అత్త. నాకు నవ్వొచ్చింది గానీ, నవ్వితే ఒప్పుకున్నట్టవుతుందని బిగబట్టాను.

ఆసుపత్రికి తోడు ఒక మనిషి రావాలి, కాగితం మీద ఆ మనిషి సంతకం ఉండాలి, ఇంటికొచ్చాక కూడా రెండు వారాలు ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. నాన్న తాను రానన్నాడు. అరిచేమీ చెప్పలేదు. దొంగ తూకం పెట్టించుకోవడానికి వచ్చినవాళ్ళతో ‘ఆ కాటా నేను ముట్టుకోను’ అంటాడే, ఆ గొంతుతో చెప్పాడు.

ఆ ఆదివారం నేను కాటా ఎక్కలేదు. నాన్న పెన్సిల్ పట్టుకుని నిలబడ్డాడు. అత్త ఎక్కి దిగింది. నేను టీ తాగుతూ కూర్చున్నాను. ఖాళీ కడుపు నియమం కూడా మంటగలవాలని రెండో కప్పు పోసుకున్నాను. ఎక్కమన్నాడు. ఎక్కనన్నాను. ఒంట్లో బాగాలేదా అన్నాడు. బ్రహ్మాండంగా ఉందన్నాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గోడ మీద నా వరసలో ఒక గడి ఖాళీగా ఉండిపోయింది. మరుసటి వారమూ అంతే. మూడో వారానికి ఆయన ఓపిక అయిపోయింది.

“నేనేం తప్పు చేశానని ఈ సాధింపు?” అన్నాడు.

“నీ కాటా చూపించేది నిజమే నాన్నా. అదొక్కటే నిజమనుకుంటున్నావు చూడు, అక్కడే నాకు నీతో గొడవ. నీకది నాలుగు కిలోలు. నాకది పొద్దున లేస్తే ఎత్తి కుక్కుకోవాల్సిన తోలు. చెమట పడితే పుండు, పనిలో నలిగితే నెత్తురు. అరవై ఆరు కిలోలు తగ్గింది నేను, నీ గోడ కాదు. నిన్ను ఒప్పించే ఓపిక ఇక నాకు లేదు. నువ్వొచ్చినా వెళ్తా, రాకపోయినా వెళ్తా.”

ఆయన గోడ వైపు చూశాడు. నా వరస మీద కాదు, అమ్మ వరస మీద చూపు నిలిచింది.

“మీ అమ్మను కూడా ఇలాగే కోశారు” అన్నాడు. “తర్వాత ప్రతి వారం తగ్గింది.”

ఆయన మీద చాలా జాలేసింది. ఇంకో నిమిషం అక్కడే నిలబడితే ఆగిపోతానని తెలుసు కాబట్టి లోపలికెళ్ళి సంచీ సర్దుకున్నాను.

తీరా బయల్దేరే పొద్దున చూస్తే గుమ్మంలో పెద్దత్త తన సంచీతో నిలబడి ఉంది. సంతకం పెట్టడం తనకూ వచ్చంది. గొడ్డలి సంగతి ఏమైందని అడిగాను. నోరు మూసుకుని నడవమంది. నాన్న షాపులో ఏదో కాటా విప్పుకుంటూ కూర్చున్నాడు. వెళ్ళొస్తానంటే ఊఁ అన్నాడు.

ఆపరేషన్‌కు ముందు డాక్టరమ్మ నన్ను నిలబెట్టి గీతలు గీసింది. పడుకుంటే తోలు పక్కలకు జారిపోతుంది, అందుకని నిలబెట్టే గీయాలట. నర్సు మడత ఎత్తి పట్టుకుంటే డాక్టరమ్మ ఊదారంగు పెన్నుతో కింద ఒక గీత, పైన ఒక గీత లాగింది. ఎదురుగా అద్దం ఉంది. కుక్కుకోకుండా, దాచుకోకుండా, అంత వెలుతురులో దాన్ని చూడడం అదే మొదలు. ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు. ఎడంపక్క గీత కాస్త కిందికి దిగిందని డాక్టరమ్మకు చెప్పాను. ఆమె రెండడుగులు వెనక్కి వేసి చూసి, దూదితో చెరిపి మళ్ళీ గీసింది.

మెలకువ వచ్చాక పొట్ట చుట్టూ ఎవరో ఇనప పట్టా బిగించినట్టుంది. రక్తం గడ్డకట్టకూడదని మర్నాడే లేపి నడిపించారు. నిటారుగా నిలబడబోతే కుట్లు లాగేవి. నడుము వంచి, గోడ పట్టుకుని, రెండు గొట్టాలూ వాటి చివర రెండు ప్లాస్టిక్ బుడ్లూ వేలాడేసుకుని వరండాలో నడిచాను. పక్కనే నిటారుగా నడుస్తున్న అత్త, నేను తనకంటే ముసలిదాన్నైపోయానని మురిసిపోయింది. దగ్గితే ప్రాణం పోయి వచ్చేది. తుమ్ముల గురించి చెప్పను.

నాలుగో రోజు ఇంటికి పంపేటప్పుడు నర్సు ఒక కప్పు ఇచ్చింది. రోజుకు రెండుసార్లు బుడ్లలోని నీరు అందులో పోసి, ఎంతో చూసి రాయాలి. వరసగా రెండు రోజులు ఒక్కో వైపు రోజుకు ముప్పై మిల్లీలీటర్ల లోపు వస్తే గొట్టాలు తీసేస్తారు. ఆ సాయంత్రం అత్త బుడ్డి మూత తీసింది, ఎర్రటి నీరు చూసింది, కళ్ళు తేలేసి మంచం కోడు పట్టుకుని కూలబడింది. ఆ చప్పుడుకు నాన్న కర్టెన్ తోసుకుని వచ్చాడు.

ఆయన నా మొహం చూడలేదు. అత్తను లేపి కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, బుడ్డిలోది కప్పులో పోసి, కప్పును కంటికి సమానంగా ఎత్తి చూశాడు. ఏదో నచ్చలేదు. షాపులోకి వెళ్ళి గాజు కొలతజాడీ తెచ్చి, మంచినీళ్ళతో రెండింటినీ సరిచూశాడు. ఆసుపత్రి కప్పు ముప్పై చూపించే చోట అసలు ముప్పై ఆరు ఉంది. నెల రోజుల తర్వాత ఆయన మొహంలో వెలుగు కనిపించింది.

“దొంగ కొలత” అన్నాడు, ఎంతో తృప్తిగా.

అప్పట్నుంచి రెండు పూటలా ఆయనే వచ్చేవాడు. మోచేతుల దాకా చేతులు కడుక్కుని, గొట్టాన్ని పైనుంచి కిందికి వేళ్ళతో ఒత్తి, గడ్డలు దింపి, జాడీలో పోసి, కాగితం మీద వేసేవాడు. నన్ను ఒక్కసారి కూడా నొప్పించలేదు. తొమ్మిదో రోజున, కప్పు లెక్క ప్రకారమైతే గొట్టాలు తీసేయాలి. నాన్న డాక్టరమ్మకు ఫోన్ చేసి, మీ కప్పు తప్పు, నా జాడీలో కుడివైపు ఇంకా ముప్పై మూడు వస్తోందని చెప్పాడు. ఆమె ముందు నమ్మలేదు, తర్వాత ఇంకొన్ని రోజులు ఆగమంది. తొందరపడి తీసేసి ఉంటే లోపల నీరు చేరి సూదితో లాగాల్సి వచ్చేదేమోనని నాతో తర్వాత అంది. ఇందులో నాన్నకు రావలసిన మెప్పులో నేను కోత పెట్టను.

కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. పదకొండో రోజు పొద్దున మంచం మీద ఉండగా కర్టెన్ అవతల్నుంచి ఆయన గొంతు వినిపించింది. మొన్న కుడివైపు ముప్పై మూడు, ఎడమ ఇరవై తొమ్మిది, నిన్న ముప్పై ఒకటి, ఇరవై ఆరు, రేపటికి ఇంకా దిగుతుంది అని ఎవరికో చెబుతున్నాడు. ఆ ఎవరో ఆహా ఓహో అంటున్నారు. కిలోల భాగోతం అయిపోయింది, మిల్లీలీటర్లది మొదలైంది. నేను మంచం మీద ఉంటే నా ఒంటి నీళ్ళు బజారుకెక్కాయి.

లేవడానికి నాకు నాలుగు నిమిషాలు పట్టింది. పక్కకు దొర్లి, మోచేతి మీద లేచి, కాళ్ళు ఒక్కొక్కటే దించాను. ఒంటికి బిగుతు పట్టీ, పైన నైటీ, చేతిలో రెండు బుడ్లు. అత్త అడ్డం వచ్చింది, తప్పుకోమన్నాను. వంగి నడుస్తూనే కర్టెన్ లాగాను. షాపులో పిండిమర ఆయనా, నేనెరగని మరో ఇద్దరూ ఉన్నారు. నాన్న చేతిలో నా కాగితం ఉంది.

“ఆ కాగితం ఇటివ్వు” అన్నాను. ఇచ్చాడు.

“నువ్వు చేసింది ఇంకెవరూ చెయ్యలేరు నాన్నా, అది నేను మర్చిపోను. కానీ కొలిచినంత మాత్రాన నీ సొత్తైపోదు. ఇకనుంచి నా ఒంటి అంకె ఏదైనా సరే, కిలో అయినా చుక్క అయినా, నేను చెబితేనే బయటికి పోవాలి.”

ఆ ముగ్గురి వైపూ తిరగాలనుకున్నాను గానీ ఒళ్ళు తిరగలేదు. మెడ మాత్రం తిప్పి, ఇక్కడ చూడ్డానికి ఏమీ లేదని, కాటాలు తెచ్చుంటే పెట్టి వెళ్ళమని చెప్పాను. నడుము వంచి నిలబడి కూడా అంత గట్టిగా మాట్లాడచ్చని నాకు అంతకు ముందు తెలియదు. వెనక్కి వెళ్ళి పడుకున్నాక కుట్ల మంటకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. అయినా మళ్ళీ అనమంటే అంటాను.

నాన్న మాట్లాడడం మానేశాడు, రావడం మానలేదు. కొలిచి, రాసి, ఆ కాగితం నా తలగడ కింద పెట్టి వెళ్ళేవాడు. పదమూడో రోజు గొట్టాలు తీశారు. నర్సు గట్టిగా ఊపిరి వదలమని, వదిలేలోపల లాగేసింది; కడుపులో పాము జారినట్టయింది. వాపు పొద్దున తగ్గి సాయంత్రానికి పెరిగేది. బొడ్డు కింద అరచెయ్యంత మేర ముట్టుకుంటే ఎవరి ఒళ్ళో ముట్టుకున్నట్టుండేది. మచ్చ ఎర్రగా, లావుగా, ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా ఉంది. అన్నీ డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి దేనికీ బెంబేలు పడలేదు. ఒకరోజు స్నానం చేసి ఒళ్ళు తుడుచుకుంటే రెండు నిమిషాల్లో అయిపోయింది. ఎత్తడానికి ఏమీ లేదు, మడత కింద ఆరబెట్టడానికి ఏమీ లేదు. తడి తలతోనే బయటికొచ్చి పౌడర్ డబ్బా చెత్తబుట్టలో పడేశాను. అంత సంతోషం అరవై ఆరు కిలోలు తగ్గినప్పుడు కూడా నాకు కలగలేదు.

ఎనిమిదో వారం షాపులో కూర్చున్నాను. ఆదివారాలు నాన్న అత్తను తూస్తాడు, తాను తూచుకుంటాడు, నన్ను పిలవడు. తీసిన తోలు ఎంత తూగిందో ఆసుపత్రి కాగితంలో రాసి ఉందని ఆయనకు తెలుసు. అది నా బీరువాలో ఉందనీ తెలుసు. అడగబోయి నోరు మూసుకోవడం నేను రెండుసార్లు చూశాను. పాపం అనిపించింది, కానీ చెప్పలేదు. ఒకసారి చెబితే మళ్ళీ గోడకెక్కుతుంది.

ఆ వారంలోనే పిండిమర ఆయన తన కాటా సరిచూపించుకోవడానికి తెచ్చాడు. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, నాన్న వైపు తిరిగాడు.

“మన క్వింటా ఇప్పుడెంతుంది?” అన్నాడు.

“తెలీదు” అన్నాడు నాన్న.

షాపు పెట్టిన నలభై ఏళ్ళలో ఆయన నోట ఆ మాట ఎవరూ విని ఉండరు. పిండిమర ఆయన పెద్దగా నవ్వాడు. అంత పెద్ద కాటా పక్కన పెట్టుకుని తెలీకపోవడమేమిటి, పిలిచి ఎక్కించవయ్యా అన్నాడు.

“కాటా నాది” అన్నాడు నాన్న. “ఒళ్ళు దానిది.”

ఆ మనిషి ముందు ఏడవడం ఇష్టం లేక పిండిమర కాటాను నా ముందుకు లాక్కున్నాను. కిలో రాయి పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను. ముల్లు రెండుసార్లూ కిలో దాటి ఇరవై గ్రాములు పైకి పోయింది.

“నా బరువు సంగతి తర్వాత” అన్నాను. “మీ కాటా కిలోకి ఇరవై గ్రాములు జనం సొమ్ము తినేస్తోంది. బాగుచేయమంటారా, పట్టుకెళ్తారా?”

ఆయన నవ్వు ఆగిపోయింది. సాయం కోసం నాన్న వైపు చూశాడు. నాన్న ఇంకో కాటా ముందేసుకుని మరలు విప్పుకుంటున్నాడు.